అంగడిలో నూనె తీస్తున్నది ఉడుమును కాదు, ఎడారి సాండాను

మీరు అడిగిందాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను, కొత్తగా చదివేవాళ్లకు అర్థమవడానికి. దేవరకొండ వైపు ఒక వారం అంగడిలో ఒకాయన పట్టా పరిచి, జానెడున్నర పొడవున్న మట్టిరంగు జంతువులను నాలుగైదింటిని వరసగా పెట్టుకున్నాడు. తోకల నిండా ముళ్లు. అవి బతికే ఉన్నాయి కానీ పారిపోవట్లేదు. జనం చూస్తుండగానే ఒకదాని పొట్ట కోసి, పచ్చటి కొవ్వు తీసి, చిన్న పెనంలో కరగబెట్టి సీసాల్లో పోసి మోకాళ్ల నొప్పులకనీ, మగతనానికనీ అమ్ముతున్నాడు. ఇది ఉడుము పిల్లనా, మన గుట్టల్లో కూడా దొరుకుతదా, విషం ఉంటదా, మత్తుమందు పెట్టి ఉంచాడా, నూనె నిజంగా పనిచేస్తదా అనేవి మీ ప్రశ్నలు.

అది ఉడుము కాదు. సాండా. శాస్త్రీయ నామం సారా హార్డ్‌వికీ. పాత పుస్తకాల్లో యూరోమాస్టిక్స్ హార్డ్‌వికీ అని కనబడుతుంది. 2009లో దాన్ని వేరే ప్రజాతిగా విడదీశారు. నల్లగొండలో గానీ, పాలమూరులో గానీ, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు గానీ ఇది పుట్టదు, పెరగదు. రాజస్థాన్, గుజరాత్ కచ్, అటు పాకిస్తాన్‌లోని సింధ్, పంజాబ్ దాని నేల. అంటే మీరు చూసిన ప్రతి జంతువూ వెయ్యి కిలోమీటర్లకు పైగా సంచిలోనో డబ్బాలోనో ప్రయాణం చేసి వచ్చిందే. విషం లేదు. మత్తు పెట్టడం కూడా కాదు, అసలు సంగతి ఇంకా ఘోరం. దాని దగ్గరికి వస్తాను.

గుర్తుపట్టడానికి తోక ఒక్కటి చూస్తే చాలు. ఉడుము తోక పొడుగ్గా, పక్కల నుంచి నొక్కినట్టు పలచగా ఉండి కొసకు సన్నబడుతుంది. ముళ్లు అసలే ఉండవు. సాండా తోక పొట్టిది, వెడల్పుది, మొదట్లో లావుగా ఉంటుంది. ముళ్లు ఎక్కడంటే అక్కడ ఉండవు: తోకకు అడ్డంగా ఒక వరస ముళ్లు, దాని వెనక కొన్ని వరసలు చిన్న పొలుసులు, మళ్లీ ఒక వరస ముళ్లు. పక్కల ఉండే ముళ్లు మధ్యలో వాటికన్నా పెద్దవి. ముళ్ల వరసల మధ్య ఈ చిన్న పొలుసులు ఉండడం కూడా దీన్ని అరబ్బు, ఆఫ్రికా ఎడారుల్లోని దాని చుట్టాల నుంచి వేరుచేసే గుర్తు. తల మొద్దుగా, ముక్కు పొట్టిగా ఉంటుంది. నాలుక మందంగా కండతో ఉంటుంది. ఉడుము మాటిమాటికీ బయటికి చాపే చీలిక నాలుక దీనికి ఉండదు. తొడ ముందు వైపు నల్లటి మచ్చ కనబడుతుంది. మగది 40 నుంచి 49 సెంటీమీటర్లు, ఆడది 34 నుంచి 40 దాకా పెరుగుతుంది. ఉడుము దీనికి మూడింతలు దాటుతుంది. ఉడుము పిల్ల మీద చుక్కలు, చారలు స్పష్టంగా ఉంటాయి కాబట్టి దాంతోనూ పొరబడే అవకాశం లేదు.

మన దగ్గర ఉండేవి వేరు. గుట్టల మీద గుండ్లకు కరుచుకుని ఎండాకాలంలో వీపు ఎర్రబడి, పక్కలు నల్లబడి కనిపించేది రాతి తొండ. చెల్కల్లో, బీళ్లలో గొంతు కింది సంచిని విప్పి మూస్తూ నిలబడే చిన్నది ఇంకో రకం తొండ. ఈ రెండూ, కంచె మీద తల ఊపే మామూలు తొండ, సాండా అన్నీ ఒకే కుటుంబం, అగామిడే. కానీ మన తొండలన్నీ పురుగులు తింటాయి. సాండా తినేది ఆకు. మన దేశపు బల్లి జాతుల్లో పెద్దయ్యాక ప్రధానంగా ఆకు, పువ్వు, గింజ మీద బతికేది ఇదొక్కటే. దాని ఒంటి తీరు, బొరియ, కొవ్వు, చివరికి అంగడిలో దాని చావు కూడా ఈ తిండి నుంచీ, అది ఉండే నేల నుంచీ వచ్చినవే.

ఎడారి అనగానే ఇసుక తిన్నెలు గుర్తొస్తాయి. సాండాకు తిన్నె పనికిరాదు, అక్కడ తవ్విన బొరియ నిలబడదు. దానికి కావలసింది గట్టిగా ఇగిరిపోయిన చదును నేల, కొంచెం కంకర, ఎడంగా గడ్డి దుబ్బులు, పొదలు, మధ్యలో ఖాళీ. జైసల్మేర్, బికనేర్ బీళ్లలో, చురూ జిల్లా తాల్ ఛాపర్ అభయారణ్యంలో, కచ్‌లో ఇలాంటి నేల ఉంది కాబట్టి సాండా కూడా ఉంది. ఒకే మైదానంలో పదుల బొరియలు కనిపించినా ఒక్కో దాంట్లో ఒక్కటే ఉంటుంది. కొత్తగా పుట్టిన పిల్లలు మాత్రం కొన్నాళ్లు తల్లి బొరియలోనే ఉంటాయి.

బొరియ తిన్నగా దిగదు. ఏటవాలుగా మొదలై మెలికలు తిరుగుతూ 2 మీటర్లు దాటుతుంది. ఆ మెలికల వల్ల పైనుంచి ఎండ వేడి గానీ, లోపలికి దూరాలని చూసే జంతువు గానీ నేరుగా అడుగుకు చేరలేవు. నోరు దాని ఒళ్లు పట్టేంతే. సాయంత్రం లోపలికి పోయాక సాండా లోపలి నుంచి మట్టిని నెట్టి ఆ నోటిని మూసేస్తుంది. బయట నుంచి చూస్తే కొత్తగా కదిలిన మట్టి కుప్ప ఒక్కటే ఆనవాలు. ఈ మూత మూడు పనులు చేస్తుంది. లోపలి తేమ బయటికి పోదు. రాత్రి చలి, పగటి వేడి లోపలికి రావు. పాము, నక్క సులువుగా పసిగట్టలేవు. ఎవరైనా తవ్వి లోపలికి వస్తే తోకను వచ్చే వైపు తిప్పి అడ్డం పెడుతుంది, ఒళ్లు ఉబ్బించి గోడలకు బిగుసుకుంటుంది. ముళ్లు ఉన్నది అందుకు. తోకను విసిరితే చర్మం గీసుకుపోతుంది, దవడ గట్టిది కాబట్టి కరిస్తే నలుగుతుంది, అంతకు మించి ఏమీ కాదు. బల్లి తోకలాగా ఈ తోక ఊడి మళ్లీ మొలవదు. ఒకసారి పోతే పోయినట్టే.

పొద్దెక్కి నేల వేడెక్కాక మూత తోసుకుని ముందు తల మాత్రమే బయట పెడుతుంది. అప్పుడు ఒళ్లు ముదురు రంగులో ఉంటుంది, ముదురు రంగు ఎండను తొందరగా పట్టుకుంటుంది. తర్వాత పూర్తిగా వచ్చి ఒళ్లు పరుచుకుని ఎండ కాగుతుంది. వేడి సరిపోగానే రంగు తేలిపోయి ఇసుక రంగుకు వస్తుంది, ఇక మేతకు కదులుతుంది. ఎంత మేసినా బొరియ నోటికి దూరం పోదు. ఆకాశంలో ఒక నీడ కదిలితే చాలు, ఒక్క పరుగున లోపల ఉంటుంది. లగ్గర్ డేగ, గోధుమ రంగు గద్ద, ఎడారి నక్క, ఎడారి పిల్లి, అక్కడి ఉడుము అన్నీ దీని మీద ఆశ పెట్టుకున్నవే. నడి ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం లోపలే ఉండి పొద్దు వాలాక ఇంకోసారి వస్తుంది.

నీళ్లు వెతుక్కుంటూ పోదు. ఆకులో, పువ్వులో ఉండే తడే దానికి నీరు. మూత్రం నీళ్లగా పోకుండా తెల్లటి ముద్దగా, యూరిక్ ఆమ్లంగా పోతుంది. ఎడారి మొక్కల్లో లవణాలు ఎక్కువ. ఆ ఎక్కువైన ఉప్పును ముక్కు దగ్గరి గ్రంథుల ద్వారా బయటికి పంపుతుంది, ముక్కు రంధ్రాల చుట్టూ తెల్లటి పొడిగా పేరుకునేది అదే. ఆకు అరగడానికి పెద్దపేగులో సూక్ష్మజీవులు పులియబెట్టాలి, దానికి ఒంట్లో వేడి కావాలి. అందుకే ఎండ లేని రోజున కడుపు నిండినా దానికి లాభం లేదు. పిల్లలు మొదట్లో పురుగులు కూడా తింటాయి, ఎదిగేకొద్దీ ఆకు వైపు తిరుగుతాయి. పెద్దవి కూడా వానల్లో పురుగు సులువుగా దొరికితే వదలవు.

చలికాలం వచ్చేసరికి బొరియ నోరు మూసుకుని నెలల తరబడి లోపలే ఉండిపోతుంది. థార్ ఎడారిలో చలి మన చలిలాంటిది కాదు, రాత్రుళ్లు నీళ్లు గడ్డకట్టే దాకా పోయే రోజులుంటాయి. ఆ నెలలన్నీ గడవడానికి సరుకు ముందే కూడబెట్టాలి. వానల తర్వాత గడ్డి పచ్చగా ఉన్నప్పుడు తిన్నదంతా పొట్ట లోపలి రెండు కొవ్వు దిండ్లలోనూ, తోక మొదట్లోనూ చేరుతుంది. మీరు చూసిన పచ్చటి కొవ్వు ఇదే. మందు కాదు, చలికాలపు గింజల గాదె. చలి తగ్గి బయటికి వచ్చాక జతకడతాయి, ఎండల్లో ఆడది బొరియలో పావురం గుడ్డంత తెల్లటి గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికొచ్చాక పెద్దయ్యేవి కొద్ది. అందుకే ఒక మైదానంలో పెద్దవాటిని ఏరేస్తే అక్కడ మళ్లీ నిండడానికి చాలా ఏళ్లు పడుతుంది.

మన గుట్టల్లో ఎందుకు ఉండదన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానం సులువు. పాలమూరును కరువు జిల్లా అంటాం గానీ ఏడాదికి దాదాపు 600 మిల్లీమీటర్ల వాన పడుతుంది. జైసల్మేర్‌లో పడేది దాదాపు 200 మాత్రమే. మన చెల్కల్లో పైన పలచటి ఎర్రమట్టి, కింద మొరం, ఆ కింద బండ. మెలికలు తిరిగే 2 మీటర్ల బొరియకు చోటు దొరకడం కష్టం. నల్లరేగడైతే ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బి బొరియ పూడుకుపోతుంది. మన రాష్ట్ర వృక్షం జమ్మి, అక్కడి ఖేజ్రీ ఒకటే చెట్టు; చెట్టు ఇక్కడిదాకా వచ్చింది, సాండా రాలేదు. కాబట్టి "మన నల్లమల నుంచి తెచ్చాను" అని అమ్మేవాడు చెప్తే నమ్మకండి. అడవి సరుకు అంటే గిరాకీ ఎక్కువ, దూరం నుంచి తెచ్చానంటే అనుమానం ఎక్కువ, అంతే లెక్క.

ఇక అది ఎందుకు కదలలేదు. పట్టుకున్న వెంటనే దాని నడుము విరుస్తారు. వెన్నెముక తెగితే వెనక కాళ్లు, తోక పడిపోతాయి, ముందు కాళ్లు, తల మాత్రం కదులుతాయి. బల్లి జాతి ఒంట్లో శక్తి ఖర్చు చాలా తక్కువ కాబట్టి ఆ స్థితిలో తిండీ నీళ్లూ లేకుండా రోజుల తరబడి చావదు. అమ్మేవాడికి కావలసింది సరిగ్గా అదే: పంజరం అక్కర్లేదు, తాడు అక్కర్లేదు, 'తాజాగా' తీశానని చూపించడానికి ప్రాణం ఉంటుంది. ఈసారి కనిపిస్తే దూరం నుంచే గమనించండి. ముందు కాళ్లు నేలను గీకుతుంటాయి, నడుము దగ్గర ఒక వంపో వాపో కనబడుతుంది, దాని వెనక భాగం లాగినట్టు పడి ఉంటుంది. నొప్పి తెలియకుండా ఏ మందూ ఇవ్వరు.

నూనె గురించి. అది జంతువు కొవ్వు. అందులో ఉండే ఒలియిక్, పామిటిక్ లాంటి కొవ్వు ఆమ్లాలు పల్లి నూనెలో, నువ్వుల నూనెలో, మేక కొవ్వులో కూడా ఉన్నవే. చర్మం మీద రాస్తే మోకీలు లోపలి అరుగుదలను బాగు చేసే గుణం గానీ, మగతనానికి సంబంధించిన రక్తప్రసరణ మీద, హార్మోన్ల మీద పనిచేసే గుణం గానీ దానికి లేదు. "రాసుకుంటే హాయిగా అనిపించింది" అని కొందరు చెప్పేది అబద్ధం కాకపోవచ్చు. గోరువెచ్చని ఏ నూనెతోనైనా పావుగంట మర్దన చేస్తే కండరాలు సడలుతాయి. కర్పూరమో, వింటర్‌గ్రీన్ నూనెనో కలిపితే చురుకు పుట్టి నొప్పి మరుపుకొస్తుంది. ఇంకో చిన్న లెక్క కూడా వేయండి. జానెడున్నర జంతువు పొట్టలో ఉండే కొవ్వెంత, అది కరిగితే వచ్చే నూనెంత, పట్టా మీద పేర్చిన సీసాలెన్ని? మిగతాది వేరే నూనె కాక ఇంకేమిటి. మోకాళ్లు వాచి, పొద్దున లేవగానే అరగంటకు పైగా బిగుసుకుపోతుంటే ఎముకల డాక్టర్‌కు చూపించాలి. మగతనం సమస్య చాలాసార్లు షుగర్, బీపీ బయటపడే మొదటి గుర్తు అవుతుంది, దాన్ని సీసాతో కప్పిపెడితే అసలు జబ్బు ముదురుతుంది. ఈ రెండో మాట మగవాళ్లు డాక్టర్‌తో చెప్పుకోవడానికి సిగ్గుపడతారు, ఆ సిగ్గు మీదే ఈ వ్యాపారం నడుస్తోంది.

నూనె ఒక్కటే దీన్ని తగ్గించట్లేదని కూడా చెప్పాలి. కొన్ని చోట్ల మాంసానికీ పడతారు. బికనేర్, జైసల్మేర్ వైపు ఇందిరాగాంధీ కాలువ వచ్చాక గట్టి బీళ్లు దున్నుడు భూములయ్యాయి. నల్లగొండ వాళ్లకు కాలువ అంటే ప్రాణం, దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు; కానీ దున్నిన నేలలో, తడిసిన నేలలో సాండా బొరియ మిగలదు. కచ్‌లోని బన్ని గడ్డి మైదానాల్ని మన దగ్గర చెరువు శిఖాల్ని ఆక్రమించిన సర్కారు తుమ్మే ఆక్రమించింది. దాని నీడలో నేలకు ఎండ తగలదు, గడ్డి పెరగదు. ఎండా గడ్డీ రెండూ పోతే ఈ జంతువుకు బతుకు లేదు. అంతర్జాతీయ జాబితాలో ఇప్పుడు ఇది ముప్పు పొంచి ఉన్న జాతి, దేశాల మధ్య వ్యాపారం సైటిస్ (ముప్పున్న జీవుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న ఒప్పందం) రెండో అనుబంధం కింద నియంత్రణలో ఉంది.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద సాండాను పట్టడం, చంపడం, అమ్మడం నేరం. నూనె సీసా కూడా ఆ జంతువు నుంచి తీసిన సరుకే, కాబట్టి కొన్నవాడు "నాకేం సంబంధం" అనడానికి లేదు. ఉడుము అదే చట్టంలో ఎక్కువ రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్‌లో ఉంది, 3 నుంచి 7 ఏళ్ల జైలు. ఈ పట్టాల మీదే కొన్నిసార్లు 'హత్తా జోడీ' అని ఎండిన వేరు లాంటిది ధనం కలిసొస్తుందని అమ్ముతారు. అది వేరు కాదు, మగ ఉడుము జననాంగాన్ని ఎండబెట్టింది. పూజగదిలో పెట్టుకున్నవాళ్లకు ఈ సంగతి తెలియదు.

మళ్లీ కనిపిస్తే చేయాల్సింది ఇది. జాలిపడి డబ్బిచ్చి విడిపించకండి, ఆ డబ్బుతో ఇంకో రెండు వస్తాయి. గొడవ పెట్టుకోకండి, ఐదు నిమిషాల్లో పట్టా చుట్టేసి వెళ్లిపోతాడు, సాక్ష్యం పోతుంది. కొనేవాడిలా నిలబడి ఫోన్లో ఫొటోలు తీయండి: జంతువులు ఎన్ని, సీసాలు, పెనం, బండి ఉంటే నంబరు, వెనక ఏ దుకాణం బోర్డు ఉంది. టైము రాసుకోండి. తర్వాత మీ అటవీ రేంజ్ ఆఫీసుకు చెప్పండి. అక్కడ ఎవరూ దొరక్కపోతే 112కి చేయండి. ఎస్ఐ స్థాయి, ఆపైన ఉన్న పోలీసు అధికారికి ఈ చట్టం కింద సోదా చేసి స్వాధీనం చేసుకునే అధికారం ఉంది. చాలామందికి, కొన్నిసార్లు స్టేషన్లో వాళ్లకు కూడా, ఈ సంగతి తట్టదు. ఫోన్లో "బల్లి" అనకండి, "వన్యప్రాణి, సాండా, నూనె తీసి అమ్ముతున్నారు" అనండి.

అధికారులు వచ్చేలోపు జంతువు ఎలాగో చేతికి వస్తే, గాలి రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో ఒక్కో దాంట్లో ఒక్కదాన్నే పెట్టాలి. కింద పొడి న్యూస్‌పేపర్. ఎత్తేటప్పుడు తోక పట్టుకోవద్దు. ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకోటి నడుము కింద పెట్టి ఒళ్లు వంగకుండా ఎత్తాలి, వెన్ను విరిగిందాన్ని వేలాడదీస్తే ఉన్న గాయం పెద్దదవుతుంది. పెట్టెను నీడలో పెట్టండి, ఎండలో నిలిపిన కారులో వదలకండి. దాహమేసిందని నీళ్లలో ముంచడం, పాలు, గుడ్డు, అన్నం పెట్టడం ఇవన్నీ మంచి మనసుతోనే చేస్తారు గానీ దాన్ని చంపేవే. ఒక రోజు ఏమీ పెట్టకపోయినా దానికి ఏమీ కాదు. అన్నిటికన్నా ముఖ్యం, "పాపం" అని దగ్గర్లోని గుట్ట మీద వదలకండి. నడుము విరిగింది ఆ పూటే కుక్కల పాలవుతుంది, నడుము బాగున్నది కూడా ఈ వానలో, ఈ నేలలో నిలబడదు. పట్టుకున్న చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి, సరీసృపాల మీద సాల్మొనెల్లా బాక్టీరియా ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే పెట్టెను వాళ్ల దగ్గరికి రానివ్వకండి.

మీ మామయ్య ఇప్పటికే కొన్న సీసా గురించి అడిగారు. పగిలిన చర్మానికి, పుండుకు అస్సలు రాయొద్దు, లోపలికి అసలే తాగొద్దు. అంగడి పెనంలో అదే చేత్తో, అదే కత్తితో తీసిన కొవ్వు అది. వేరేవాళ్లకు ఇవ్వొద్దు. ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు కొన్నారో ఒక కాగితం మీద రాసి, సీసాతో సహా రేంజ్ ఆఫీసులో అప్పగించమనండి.